నడకల గంగమ్మ తిప్ప

పూర్వం గౌతమ మహర్షి తపఃఫలంగా భువికి దిగివచ్చిన గోదావరీమాతను సప్తర్షులు ఏడు పాయలుగా పంచుకుని, తమ తమ ఆశ్రమాల మీదుగా సముద్రుని సన్నిధికి తీసుకుపోయిన సంగతి లోకవిదితమే. అయితే ఆ ఏడింటిలో దేనికీ చెందక, ఏ ఋషీ వెనుదిరిగి చూడకపోవడం వల్ల తన దారి తానే వెతుక్కుంటూ మడ అడవుల మధ్యగా పోయిన సన్నపాయ ఒకటి ఉండేదని, అది కడలిలో కలిసే మొగలో మేటవేసిన ఇసుకే కాలక్రమాన ఒక తిప్పగా వెలసిందని ఆ తీరంవారు చెబుతారు. చెయ్యిపట్టి నడిపించే ఋషి లేని పాయ కనుక దానికి నిలకడ తక్కువ. ఎప్పుడు ఏ ఒడ్డును కోస్తుందో, ఎక్కడ ఇసుక పోస్తుందో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఆ తిప్ప దక్షిణపు కొనలో గంగమ్మ కొలువై ఉండేది. తాతల కాలంలో వలలో పడిన నల్లని గుండ్రాయిని ఇసుకలో నిలిపి, దాని పక్కన పగిలిన ఓడ తాలూకు పొడవైన స్తంభమొకటి పాతి, కొసన ఎర్రగుడ్డ కట్టి, అదే అమ్మవారి ధ్వజమని పల్లెవారు కొలిచేవారు. సముద్రం మీదనుంచి తిరిగివచ్చే నావలకు ఆ ధ్వజమే దిక్కు. దూరాన ఎర్రగుడ్డ కనబడగానే నావ ముక్కును సూటిగా దానివైపు తిప్పితే లోతైన దారి దానంతట అదే కాళ్ళకింద పరుచుకునేది. తరతరాలుగా ఆ దారి తప్పలేదు. కనుకనే, ధ్వజాన్ని పెకలించిన స్త్రీకి పసుపుకుంకుమలు దక్కవనీ, పెకలించిన పురుషుడికి వంశం దక్కదనీ ప్రతిష్ఠనాడు పెద్దలు పెట్టిన శాపవాక్యాన్ని ఎవరూ పరీక్షించి చూడవలసిన అవసరం రాలేదు.

ఆ మొగలోకి సముద్రం పొంగే పోటుతో ప్రవేశించి, నీరు తీసే పాటుతో వెలుపలికి పోయే శింశుమారాలను పల్లెవారు గంగమ్మ బిడ్డలనేవారు. నేటివారు డాల్ఫిన్లని పిలిచే ఈ జీవాలు తల్లి దర్శనానికే వస్తాయని వారి నమ్మకం. వాటి రాకపోకలను కనిపెట్టి ఉండడం పల్లెలో ఒక స్త్రీ పని. ఆమె ఇసుకదిబ్బ మీద కూర్చుని, బిడ్డల వీపులు నీళ్ళలోంచి మొదట ఎక్కడ లేచాయో చూసి, దానికి సూటిగా ఒడ్డున ఒక మడపుల్ల గుచ్చేది. దీనిని బిడ్డల కాపు అనేవారు. పుల్లలన్నీ అమ్మవారి ఎదుటే గుంపుగా నిలిచి ఉంటే దారి పదిలంగా ఉన్నట్టు లెక్క.

మసేనమ్మ కాపు పట్టిన ఏటికే ఆ పెద్ద వరద వచ్చింది. అంతకుముందు ఆ పని ఆమె అత్త ముత్తేలమ్మది. చూపు మందగించాక ముత్తేలమ్మ కోడలికి ఆ చోటు అప్పగిస్తూ, బిడ్డలు అమ్మ ఎదుట తప్ప మరోచోట లేవరనీ, పక్కన లేచినట్టు కనబడితే ఎండకు కన్ను చెదిరిందనుకుని పుల్లను అమ్మ ఎదుటే గుచ్చమనీ చెప్పింది. అది భక్తితో చెప్పిన మాటే. కోడలు విన్నదీ భక్తితోనే.

మగవాళ్ళంతా నావలెక్కి దూరపు వేటకు పోయి ఉన్నారు. ముందు నావకు చుక్కాని పట్టేది మసేనమ్మ భర్త ఎరకయ్య. పల్లెలో ఆడవాళ్ళు, పిల్లలు, అమ్మవారి పూజారి పోతిదాసు, లేవలేని ముసలివారు మాత్రమే మిగిలిన సమయంలో ఎగువన కురిసిన వానలకు గోదావరి ఎర్రగా పొంగి, చెట్లనూ పాకలనూ మోసుకొచ్చి మొగలో కుమ్మరించిపోయింది. నీరు తీసిన తరువాత బిడ్డలు తిరిగి రాసాగాయి. కాని అవి దక్షిణపు కొన దగ్గర కాక, ఉత్తరాన మడచెట్ల వైపు లేచినట్టు మసేనమ్మకు కనబడ్డాయి. ఆమె కళ్ళు నులుముకుంది. మంచినీళ్ళతో కడుక్కుంది. తరువాతి పోటుకూ అవి అక్కడే లేచాయి. అత్త మాట మీద గౌరవంతో పుల్లను మాత్రం అమ్మ ఎదుటే గుచ్చింది. అలా పోటు తరువాత పోటు, చూసిందొకచోట, గుచ్చిందొకచోట. దిబ్బ దిగి ఇంటికి పోయేటప్పుడు ఆ పుల్లలవైపు చూడడానికి ఆమెకు మనసొప్పేది కాదు. పక్కింటి కొండమ్మతో ఒకసారి ఈ సంగతి కదిపితే, ఆమె చేట విదిలిస్తూ నవ్వింది.

“కొత్త కాపుకి కళ్ళెక్కువమ్మా. మా ఆయన కళ్ళు మూసుకునైనా ఈ మొగలోకి రాగలడు, నీ పుల్లలు చూసుకుని కాదు.”

కొండమ్మ భర్త పైడయ్య నిజంగానే అంతటివాడు.

నావలు రావలసిన రోజు ఉదయం, పాటు అడుగంటిన వేళ, దక్షిణపు మొగలో కొండరాయి వంటిది ఒకటి కనబడింది. పల్లె అంతా ఒడ్డుకు చేరింది. అది రాయి కాదు, తిమింగలం. నోరు తెరిచినప్పుడు కింది దవడ వెంట వరసగా పళ్ళు కనిపించే జాతిది. నడిసముద్రంలో తిరగవలసినది ఎందుకో తీరానికి వచ్చి, పొట్టమీద ఒదిగి, బరువుగా ఊపిరి వదులుతోంది. అది అమ్మవారి కోపమని కొందరన్నారు. ఎవరో మైలతో దిబ్బ ఎక్కారని మరికొందరన్నారు. పోతిదాసు వేపమండలు తెప్పించి, పసుపునీళ్ళు చిలకరించి, పల్లెచేత మొక్కించాడు. పోటు మొదలై నీరు పెరిగేసరికి ఆ మహాజీవి ఒకసారి తోక కొట్టి, దొర్లి, లేచి, సముద్రంలోకి పోయింది. ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. పోతిదాసు ముఖాన తేజస్సు వచ్చింది.

ఒక్క మసేనమ్మ మాత్రం సముద్రం వైపు తిరిగింది. తూర్పున ఆకాశం బూడిదరంగుకు తిరిగి, గాలి చీరకొంగులు లాగుతోంది. ఇటువంటి గాలిలో నావలు తెరచాప నిండుగా ఎత్తి, పోటుమీద ఒక్క ఊపున మొగలోకి వస్తాయి. మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు. ఆమె పూజారి ఎదుటికి పోయి, ధ్వజం ఉత్తరానికి మార్చాలని చెప్పింది. చుట్టూ ఉన్నవారు ఆమెకు పిచ్చెత్తిందనుకున్నారు.

“తిమింగలం లేచిపోయింది, కోపమూ పోయింది. ఇంకేంటమ్మా నీ గోల?” అన్నాడు పోతిదాసు.

“లేచిపోయింది సరే బాబాయ్, అంతసేపూ అది దేనిమీద పడుకుంది?”

అందరూ మొగవైపు చూశారు. నాలుగు నిలువుల నీళ్ళుండవలసిన చోట ఏనుగుల గుంపంతటి జీవి నేల తగిలి కూర్చుంది. వరద తెచ్చిన ఇసుక దక్షిణపు మొగను మూసివేసి, లోతును బిడ్డలు లేచే ఉత్తరానికి జరిపిందన్నమాట. కాని పోతిదాసు అల్పుడు కాదు, అమ్మవారి భారం మోస్తున్నవాడు. రోగమొచ్చిన జంతువు నీటిమీదా తేలుతుందని అతడన్నాడు. పరీక్షించి చూద్దామంటే తిప్పమీద ఒక్క తెప్పయినా మిగలలేదు, ఒడ్డునుంచి చూస్తే గాలికి అలలన్నీ తెల్లగానే విరుగుతున్నాయి. చివరికి అతడు మెల్లగా, దాదాపు జాలిగా అడిగాడు, ఆమె కన్ను తప్పయితే ఎలా అని. అప్పుడు నావలన్నిటినీ ఆమే తన చేతులతో ఇసుకమీదికి పిలిచినట్టవుతుంది. ధ్వజం ముట్టుకుంటే శాపం ఎరకయ్యను తీసుకుపోతుంది. ముట్టుకోకపోతే ఇసుక తీసుకుపోతుంది. ఇన్నాళ్ళూ తానే గుచ్చిన పుల్లలు అమ్మ ఎదుట గుంపుగా నిలబడి, దారి పదిలమని సాక్ష్యం చెబుతున్నాయి. ఆమె వాటిదగ్గర కూలబడి ఒక్కొక్కటే పీకసాగింది. పీకుతూనే, అవి అబద్ధపు పుల్లలనీ, ఒక్కటీ చూసినచోట గుచ్చలేదనీ పైకి చెప్పింది.

ఆ మాట విని ముత్తేలమ్మ కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చింది. ఆ నావల్లో ఆమె కొడుకులున్నారు. అబద్ధపు పుల్లలు గుచ్చడం నేర్పింది తానేనని ఆమెకు తెలిసింది. అయినా ఆమె ఏడవలేదు, కోడలిని తిట్టలేదు. కర్ర పక్కన పడేసి చీర చెంగు నడుముకు దోపింది.

“పసుపుకుంకుమలు పోతాయనే కదా శాపం. నావి ఏనాడో పోయాయి. ఉన్నవాళ్ళు తప్పుకోండి.”

శుభకార్యాలకు ఎదురురావద్దని పక్కన నిలబెట్టిన స్త్రీలు ఆ పల్లెలో ఎందరో ఉన్నారు. సముద్రం ఏటా ఎవరో ఒకరిని ఆ వరసలో చేరుస్తూనే ఉంటుంది. వారిలో ఒకామె, మా దగ్గర ఇంకేముందని అమ్మ పట్టుకుపోతుందిలే అని గొణిగి వచ్చి స్తంభం పట్టింది. ఆమె వెనుక మరొకామె. చూస్తూండగానే వారంతా వచ్చారు. పోతిదాసు అడ్డంగా నిలబడ్డాడు. వారిని ముట్టి ఆపడానికి ఆచారం ఒప్పుకోదు కనుక చివరికి పక్కకు జరిగి, ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. సాయానికి వెళ్ళబోయిన మసేనమ్మను ముత్తేలమ్మ మోచేత్తో నెట్టింది.

“నువ్వు ముట్టకు. నువ్వు చూడు. ఈసారి నేను చెప్పింది కాదు, నీ కంటికి కనబడిందే చెప్పు.”

వాళ్ళు స్తంభాన్ని పెకలించి భుజాలకెత్తుకున్నారు. ముత్తేలమ్మ, ఇంకొకామె గుండ్రాయిని రెండు పక్కలా పట్టుకున్నారు. గాలికి ఇసుక లేచి ముఖాలకు కొడుతుంటే, ఆగి ఆగి, తిప్ప పొడవునా ఉత్తరానికి నడిచారు. మసేనమ్మ మడచెట్ల దగ్గర నడుములోతు నీళ్ళలో నిలబడింది. పోటు సగానికి వచ్చినా బిడ్డలు రాలేదు. వెనుక మోతగత్తెలు బరువుతో వగరుస్తూ ఎక్కడ, ఎక్కడ అని అడుగుతున్నారు. కన్ను చెదిరిందేమోనన్న పాత అనుమానం ఆమెకు మళ్ళీ వచ్చింది. అంతలో రెండు అలల సందున బూడిదరంగు వీపొకటి లేచింది. దానివెంట మరొకటి, దాని పక్కనే ఒక పిల్ల. వాటి వెనుక దూరాన, బూడిద ఆకాశం కింద, తెరచాపల కొసలు.

ఆమె చెయ్యెత్తి చూపించింది. వాళ్ళు స్తంభం పాతబోతుంటే ఇంకా ఇటు అంది. మళ్ళీ పాతబోతే, ఇంకా అంది. మూడోసారి ముత్తేలమ్మ ఏమీ అడగకుండానే గొయ్యి తవ్వించింది.

ముందు నావ అలవాటుకొద్దీ దక్షిణపు కొనకే వస్తోంది. ఎర్రగుడ్డ అక్కడ లేదు. నావ ముక్కు ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఊగింది. ఒడ్డున ఎవరూ కేకవేయలేదు, వేసినా ఆ గాలిలో వినబడదు. తరువాత ఎరకయ్య చెప్పాడు, గుడ్డకింద అంతమంది ఆడవాళ్ళు కదలకుండా నిలబడి ఉండడం చూసి, వీళ్ళు ఊరికే నిలబడరులే అనుకుని చుక్కాని తిప్పానని. అతని నావ బిడ్డలు పోయిన దారినే మొగలోకి దూసుకొచ్చింది. దానివెంట రెండోది, ఆ వెంట మిగిలినవి. చివరి నావ పైడయ్యది. అది తిరగలేదు. పుట్టినప్పటినుంచీ ఎరిగిన దారిలోనే సూటిగా వచ్చి, తిమింగలం పడుకున్నచోట ఇసుకకు కొట్టుకుని రెండుగా విరిగింది. మనుషులను ఎరకయ్య వాళ్ళు తాళ్ళు విసిరి లాగారు. పైడయ్య మాత్రం చుక్కాని దగ్గరనుంచి తిరిగి రాలేదు.

కొండమ్మ మసేనమ్మను ఒక్కటే అడిగింది, ఆయన ధ్వజాన్ని చూశాడా, చూడనే లేదా అని. అతను చూశాడో లేదో తనకు కనబడలేదని మసేనమ్మ చెప్పింది. తెలియనిది తెలిసినట్టు చెప్పడం ఆమె ఆ ఉదయంతో మానుకుంది. శాపం తప్పలేదని అన్నవారూ ఉన్నారు, శాపమైతే ముట్టినవారికి తగలాలి గాని కొండమ్మకెందుకు తగిలిందని ఎదురడిగినవారూ ఉన్నారు. ఆ సందేహం ఈనాటికీ ఆ పల్లెలో తీరలేదు. మరుసటి ఏటి వరద పాయను మళ్ళీ జరిపినప్పుడు, స్తంభం ముందుకొనకు భుజమిచ్చినది కొండమ్మ.

నాటినుంచి ఆ అమ్మవారు నడకల గంగమ్మ అయింది, తిప్పకూ ఆ పేరే నిలిచింది. ఏటేటా వరద తీసిన తరువాత, కాపు స్త్రీ బిడ్డల దారిని కనిపెట్టి చెప్పేదాకా ఒక్క నావా కదలదు. నావలకు యంత్రాలు వచ్చినా ఈ కట్టడి పోలేదు. ఆమె చూపినచోటికి భర్తలు పోయిన స్త్రీలే అమ్మను మోసుకుపోతారు. ఆ సమయాన డప్పు మోగదు. ముత్తైదువలు నీటివైపు తిరిగి ఊపిరి బిగపట్టి నిలబడతారు. మొదటి నావ బయటికి పోయి క్షేమంగా లోపలికి వచ్చిన తరువాతే దీపం వెలుగుతుంది. అమ్మకు తాటాకు పందిరే గాని గుడి లేదు. పునాది తీసి రాతిగుడి కట్టిస్తామని వచ్చే దాతలకు పల్లెవారు మజ్జిగ ఇచ్చి, ముందు ఆ బిడ్డల్ని ఒకచోట ఉండమని చెప్పి రండి, అప్పుడు కడదాం అని పంపేస్తారు.

గుండ్రాయి మాత్రం నాటిదే. దానికి రెండు పక్కలా అరచెయ్యి పట్టేంత నునుపైన పల్లాలు కనిపిస్తాయి. అవి అమ్మవారి పాదముద్రలా అని యాత్రికులు కళ్ళకద్దుకోబోతారు. కావని, మోసినవాళ్ళ చేతులవని అక్కడివారు చెబుతారు. కళ్ళకద్దుకోవద్దని మాత్రం ఎవరూ అనరు.