చుక్కమ్మ కొండ చుట్టు

మంచు కరిగే కాలానికి కాపరులు మందను తోలుకుని కొండ మీదికి చేరతారు. వాళ్ళ గుడారాల దగ్గర మొదలయ్యే కాలిబాట మూడు సరస్సుల ఒడ్డునే సాగి, కొండంతా చుట్టి, మళ్ళీ ఆ గుడారాల వెనక్కే వస్తుంది. మందలోని ముసలిమేక చుక్కమ్మకు ఏటా ఒక్కసారైనా ఆ చుట్టు తిరగందే తోచదు.

"ఈ వయసులో నీకెందుకత్తా? మొదటి సరస్సు దగ్గరే కూలబడతావు," అని కుర్ర మేకపోతు కొమ్ములయ్య ఎగతాళి చేశాడు.

"పొద్దు వాలేలోగా తిరిగొస్తాను, చూస్తూ ఉండు," అని చుక్కమ్మ పౌరుషంగా బయల్దేరింది.

మొదటి సరస్సులో మూతి పెట్టిందో లేదో, రాతి చాటు నుంచి తోడేలు దూకి దారికి అడ్డం నిలబడింది. అది కొండకు కొత్త. నిన్ననే మంద మీద పడబోయి, కుక్కల నోట సగం చెవి పోగొట్టుకుంది.

ఆ తెగిన చెవి చుక్కమ్మ కంటపడింది.

"తోడేలన్నా, తింటే తిను గానీ ఇక్కడ వద్దు. ప్రాణం పోతుంటే అరవకుండా ఉండలేను. నా అరుపు వింటే మా కుక్కలు ఊరుకోవు."

తోడేలు చెవి తడుముకుంది. "నిజమే. నడు, వాటికి దూరంగా పోదాం. నాకసలే ముందుచూపెక్కువ."

రెండో సరస్సు చుట్టూ నిట్టనిలువు బండలు. "ఈ దూరం చాలా?" అంది తోడేలు.

"అరిచి చూస్తే తెలుస్తుంది," అంటూనే చుక్కమ్మ గొంతెత్తింది. పది మేకలు అరిచినట్టు బండలన్నీ మోగాయి.

"నోరుముయ్! నడు, నడు!"

మూడో సరస్సు దగ్గర గాలి కూడా కదలడం లేదు. తోడేలు పెదాలు నాక్కుంది. "ఇప్పుడేమంటావే ముసలీ?"

చుక్కమ్మ వెనక్కి జరుగుతూ నీటి అంచుకు చేరింది. అంతలో పైనుంచి ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి నీళ్ళలో పడింది. తోడేలు ఎగిరిపడింది.

"కుక్కలా?"

"అవే అయ్యుంటాయి," అంది చుక్కమ్మ, ఊపిరి కూడగట్టుకుని.

"వెనకే వస్తున్నాయన్నమాట! ఇంకా దూరం పోవాలి. పరిగెత్తవే!"

చుక్కమ్మకు అంతకంటే ఏం కావాలి? పల్లంలోకి లంఘించింది. తోడేలు రొప్పుతూ వెంటపడింది. మలుపు తిరిగేసరికి ఎదురుగా పొగ, గుడారాలు, మంద.

"ఇదెవరి మందే?"

"మాదే అన్నా. ఈ బాట బయల్దేరిన చోటికే వస్తుంది. నువ్వడగలేదు, నేను చెప్పలేదు!" అని చుక్కమ్మ కొండ అదిరేలా అరిచింది.

కుక్కలు ఒక్కుమ్మడిగా లేచాయి. తోడేలు రెండో చెవి కూడా అక్కడే వదిలేసి, వచ్చిన దారినే కుయ్యో మొర్రో అంటూ పారిపోయింది.

పొద్దింకా వాలలేదు. చుక్కమ్మ తలెత్తుకుని కొమ్ములయ్య ముందు నిలబడింది. "చుట్టు పూర్తయిందిరా అల్లుడూ. దారిలో తోడు కూడా దొరికింది!" మందంతా కేరింతలు కొట్టింది. అందరికంటే గట్టిగా అరిచింది కొమ్ములయ్యే.

నీతి: దారి తెలియనివాణ్ణి వాడి జాగ్రత్తే శత్రువు వాకిట్లో దింపుతుంది.