ఆస్థాన పుష్పానికి పల్లకి

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టక తప్పడం లేదు. ఆ రాజ్యం పేరు నాకు గుర్తులేదు. ఈ కథ ఎవరి నోట విన్నానో కూడా చెప్పలేను. నా జ్ఞాపకాన్ని నేనే పూర్తిగా నమ్మను కనుక, మీరూ కొంత అనుమానంతోనే వినండి.

అక్కడి రాజు విక్రమధవళుడు. ఆయన బిరుదులు చదివి ముగించేసరికి వందిమాగధులకు ఆకలి వేసేది. ఒక వానాకాలంలో ఆయన కోట వెనుక పల్లంలో, నిలిచిన నీటి మీద గోరంత నీలిపువ్వును చూశాడు. పశువుల కాపరులు దాన్ని నీలిముక్కెర అనేవారు. మరెక్కడా కనబడని పువ్వు. నచ్చినదానికల్లా పదవి కట్టబెట్టడం రాజుగారి అలవాటు. దాన్ని 'ఆస్థాన పుష్పం'గా ప్రకటించి, కొలువుకు పిలిచినప్పుడు పండితులకు పంపినట్టే పల్లకి పంపే మర్యాదను కూడా అనుగ్రహించాడు.

నడివేసవిలో ఒకనాడు ఆస్థాన పుష్పాన్ని సభకు తెమ్మన్నాడు. పల్లం ఎండి నెర్రెలు విచ్చి ఉంది. పువ్వు లేదు. ఆజ్ఞను ధిక్కరించింది పువ్వే అయినా, శిక్షకు అందుబాటులో ఉన్నవాడు తోటమాలి ఓబన్న. అతనికి దేశబహిష్కారం విధించారు. విత్తనం మట్టిలోనే ఉందని, వాన పడితే అదే లేస్తుందని అతను విన్నవించుకున్నాడు. నేల సంగతి తెలిసినవాడి మాటకు ఆ సభలో విలువ తక్కువ.

అప్పుడు విదూషకుడు తిప్పన లేచాడు.

"ప్రభూ, తప్పు ఓబన్నది కాదు. పల్లకి వెళ్లలేదు."

"పువ్వుకు పల్లకి ఏమిటి, తిప్పనా?"

"తమరు అనుగ్రహించినదే. కాకపోతే ఇది బోయీలు మోసే పల్లకి ఎక్కదు. ఏటా మబ్బు మీదనే వస్తుంది."

"మబ్బును నేనెక్కడి నుంచి పంపేది?"

తిప్పన ఎంతో వినయంగా వందిమాగధుల వైపు తిరిగి, ఉదయం చదివిన పదిహేడో బిరుదును మరొక్కసారి వినిపించమని వేడుకున్నాడు. వారిలో పెద్దవాడు గొంతు సవరించుకుని, ఉదయంకన్నా చాలా మెల్లగా, "మేఘమండలశాసన" అన్నాడు.

"ఆ బిరుదు నిజమైతే, ప్రభువులు మబ్బుకు ఆజ్ఞ ఇవ్వడం మరిచారు. అబద్ధమైతే, దాన్ని రాసిన పండితులు ఓబన్నకన్నా ముందు పొలిమేర దాటాలి. తీర్పులో ఏది రాయించమంటారు?"

రాజు నవ్వాడు. ఆయన నవ్వాడని రూఢి చేసుకున్నాక సభ కూడా నవ్వింది. ఓబన్న శిక్ష రద్దయింది, తిప్పన భుజాల మీద పట్టుశాలువా పడింది. మర్నాటి నుంచి వందిమాగధులు పదహారో బిరుదు తరువాత పద్దెనిమిదోది చదివారు.

రాజు నవ్వాడని ఒక్క ముక్కలో చెప్పేశాను. ఆ నవ్వు రావడానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ ఓబన్న ఎలా నిలబడ్డాడో కూడా విన్నాను. అది మాత్రం మరిచిపోలేదు, కావాలనే వదిలేశాను.