వెనుక గోడ లేని వెనుచూపులమ్మ గుడి

నెమలికోట కొండ ఎక్కడానికి తూర్పున ఎర్రమెట్టపల్లె దారి, దిగడానికి పడమట వంకమూల దారి. ఎక్కిన దారినే తిరిగి దిగడం ఈ క్షేత్రంలో ఆచారం కాదు. ఫాల్గుణ మాసం చివరి గురువారం నాడు భక్తులు తెల్లవారక ముందే స్నానం చేసి కొండ ఎక్కుతారు. పైన శిఖరం ఏదో ఉంటుందనుకుని వచ్చిన కొత్తవారికి అక్కడ శిఖరం కనిపించదు. బల్ల పరిచినట్టు ఒకటే చదును. మోకాలెత్తు బోదగడ్డి, నల్లబండలు, అక్కడక్కడ ఎర్రగా విరగబూసిన మోదుగ చెట్లు. ఆ చదును దాటి అవతలి అంచు చేరడానికి పగలంతా పడుతుంది. చెప్పులు వేసుకుని నడవడంలో దోషం లేదు. కొందరు భక్తి కొద్దీ వట్టి కాళ్లతో బయలుదేరి, ధాన్యపుకొట్టు దాటకముందే పక్కవాడి చెప్పుల వైపు ఆశగా చూస్తారు. అమ్మవారు అంత కష్టం ఎవరినీ కోరలేదు.

దారి పొడవునా పాతకోట శిథిలాలు పలకరిస్తాయి. ముందు కప్పు లేని ధాన్యపుకొట్టు వస్తుంది. తర్వాత మెట్లబావి, అందులో నీరు లేదు, ఉడుములున్నాయి. ఆ తర్వాత పైకమ్మీ విరిగిన నడిమి వాకిలి, దానికి అవతల గోడలు కూలిన ఏనుగుసాల. ఈ కోట ఎవరు కట్టించారన్న విషయంలో పెద్దలకు ఏకాభిప్రాయం లేదు. ఎర్రమెట్టపల్లె వారు తమ వైపు రాజు కట్టించాడంటారు, వంకమూల వారు తమ వైపు రాజంటారు. ఏ రాజూ వచ్చి కాదనలేదు కనుక ఇద్దరి మాటా నిలిచింది. మనకు కావలసింది రాజు కథ కాదు, ఏనుగుసాల దాటిన తర్వాత కనిపించే చిన్నగుడి కథ.

ఆ గుడి వాకిలి పడమటికి ఉంటుంది. లోపలికి వెళ్లిన వారికి అమ్మవారి ముఖం కనబడదు. నడుము దాకా దిగిన రాతిజడ, దాని మీద పూజారి తురిమిన మోదుగపూలు కనబడతాయి. అమ్మవారు తూర్పుకు తిరిగి, అంటే మనం నడిచి వచ్చిన దారి వైపు తిరిగి నిలబడి ఉంటుంది. ఆమె ఎదుట ఉండవలసిన వెనుక గోడ లేదు. కూలిన రాళ్లు కుప్పగా పడి ఉంటాయి. ఆ ఖాళీలోంచి కొండ చదునంతా ఆమెకు కనిపిస్తూ ఉంటుంది. అందుకే ఆమె వెనుచూపులమ్మ అయింది. ఆమె అలా తిరిగిన వృత్తాంతం ఇది.

పూర్వం ఇక్కడ, కోట పాడుపడి చాలా తరాలు గడిచిన తర్వాత, ఎర్రమెట్టపల్లెలో కరెన్న అనే గొర్రెలకాపరి ఉండేవాడు. మనిషి పొడగరి, నడక మహావేగం. ఎండాకాలం వచ్చి తూర్పు పల్లెల్లో పసరిక మాడిపోతే, కాపరులందరూ మందలను కొండ దాటించి పడమటి పాలవంక ఒడ్డుకు తోలుకుపోయేవారు. అక్కడ ఎంత ఎండలోనైనా పచ్చిక ఉండేది. అయితే ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మంద ముందుగా వంక ఇసుక తొక్కితే ఒడ్డు పచ్చిక ఆ ఎండాకాలమంతా వారిదే. వెనుక వచ్చినవారు రాళ్లగుట్టల్లో ముళ్లకంప మేపుకోవాలి. కరెన్న కాపరితనానికి వచ్చినప్పటి నుంచీ ఆ పచ్చిక వేరే వారికి దక్కలేదు. పక్క ఊరి ఈరన్నకు ఇది కంట్లో నలుసు.

ఆ యేడు కరువు బాగా ముదిరింది. ముళ్లకంప కూడా ఎండిపోయింది. ఒడ్డు దక్కని మంద శ్రావణం దాకా బతకదని అందరికీ తెలుసు. కరెన్న భార్య తిప్పక్క అప్పుడు ఏడు నెలల గర్భిణి. తొలి కాన్పు. ఊళ్లో ఆగమందామంటే తాగడానికి నీళ్లు లేవు. అందుచేత అందరితో పాటు ఆమె కూడా కొండ ఎక్కింది.

చదును మీదికి రాగానే కరెన్న ముందుకు వెళ్లిపోయాడు. అతని ముందుపోతు, అంటే మందను నడిపించే మేకపోతు, అతని గొంతుకు తప్ప మరెవరి గొంతుకూ కదలదు. దాని వెనుక గొర్రెలు, వాటి వెనుక గాడిదల మీద వంటసామాను, ఆ వెనుక ఆడవాళ్లు. ఈరన్న మంద పక్కబాటలో దాదాపు సమానంగా వస్తోంది.

"ఏం కరెన్నా, ఈ యేడు కాళ్లు బరువైనట్టుండాయే!" అని అటు నుంచి ఈరన్న కేకేశాడు.

"నువ్వు సాయంత్రానికి వంక కాడికి రా మామా, నీ కాళ్లు నేనే పిసుకుతా!" అని కరెన్న బదులిచ్చాడు. రెండు మందల వాళ్లూ నవ్వారు.

ఇక్కడ కాపరుల పద్ధతి ఒకటి చెప్పాలి. నడిమి వాకిలి ఇరుకు కనుక మంద అందులోంచి ఒక్కొక్కటిగా దూరి పోతుంది. కాపరి పక్కన నిలబడి ప్రతి గొర్రె ముఖమూ చూసుకుంటాడు. లెక్కపెట్టడు. తల్లికి బిడ్డలను లెక్కపెట్టుకునే పని ఉండదు గదా. కరెన్న ఆ రోజు అలాగే నిలబడ్డాడు. చెవి చీలిన గొర్రె ఒకటి రాలేదని గుర్తించి, వెనక్కు పరుగెత్తి, మెట్లబావి అంచున కుంటుతున్న దాన్ని భుజాన వేసుకుని వచ్చాడు. మంద సరిపోయింది. ముందుకు ఉరికాడు. వెనుక వస్తున్న మనుషులను వాకిట్లో నిలబడి చూసుకునే పద్ధతి మాత్రం ఆ కాపరుల్లో లేదు. మనుషులకు నోరుంది, తప్పిపోతే అరుస్తారని వాళ్ల నమ్మకం.

పొద్దు పడమటికి వాలే వేళకు కరెన్న కొండ అంచు చేరాడు. కింద పాలవంక వెండితీగలా మెరుస్తోంది. ఈరన్న మంద ఇంకా వెనుకనే ఉంది. గెలిచినట్టే. పోతును దిగువకు మళ్లించబోతూ, తాగడానికి నీళ్ల తిత్తి ఇవ్వమని భార్యను కేకేశాడు. పలుకు లేదు. మళ్లీ పిలిచాడు. అతని తల్లి సుంకమ్మ గాడిద పక్క నుంచి వచ్చింది.

"తిప్పక్క నీకాడ లేదేంరా?"

"నాకాడ యాడుంటాదిమ్మా? మీతోనే గదా ఉండేది."

"మొగునితో మాట్లాడాల, ముందరికి పోతానని అనిందే! మేం నీతోనే ఉండాదనుకుంటిమి."

ముందున్నవారు వెనుక ఉందనుకున్నారు, వెనుకవారు ముందు ఉందనుకున్నారు. ఆ చదును మీద చుక్క నీరు లేదు. చీకటి పడితే ఏనుగుసాలలో కాపురముండేది చిరుతపులి.

కరెన్న తమ్ముడు ముందుకొచ్చాడు. "అన్నా, మేం వెనక్కు పోయి వదినను తోలుకొస్తాం. నువ్వు దిగు. నువ్వు లేకుంటే పోతు అడుగు కదలదు. ఈరన్న మామ వచ్చేస్తాండాడు సూడు. ఒడ్డు పోతే మంద పోతాది."

మాట సబబైనదే. కరెన్న కూడా ఒక్క అడుగు దిగువకు వేశాడు. వేసి, "ఆమెను ఆఖరున ఎక్కడ చూశాను?" అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. చెవి చీలిన గొర్రె ఎక్కడ కుంటిందో గుర్తుంది. కర్రిగొర్రె ఏ పొద దగ్గర ముల్లు తొక్కిందో గుర్తుంది. పొద్దున కొండ ఎక్కేటప్పుడు తిప్పక్క ఏ రంగు కోక కట్టిందో మాత్రం గుర్తు లేదు.

సుంకమ్మ కొడుకు మొహం చూసి అంది. "మంద ముందర నడిచేది మేకపోతురా. కాపరనేవాడు ఎనక నడుస్తాడు. ఇన్నేండ్లాయె, నిన్ను నువ్వు ఎవురనుకుంటాండావో నాకు తెలీదు."

కరెన్న గాడిద మీది తిత్తి భుజాన వేసుకుని వచ్చిన దారిన పరుగు తీశాడు. ఎదురుగా వస్తున్న ఈరన్న మంద పక్కకు తొలగింది. "ఏమైందిరా?" అని ఈరన్న అరిస్తే, "ఒడ్డు నీదే మామా, పో!" అని ఆగకుండా చెప్పాడు.

దారిలో ఎన్నిసార్లు ఆమె పేరు పిలిచాడో అతనికే తెలియదు. బండలు ఆ పేరును తిరిగి పలికాయి తప్ప మనిషి పలకలేదు. చిన్నగుడి దగ్గరికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. అప్పట్లో ఆ గుడిలోని అమ్మవారు అన్ని గుళ్లలో లాగే వాకిలి వైపే చూస్తుండేది. ఇందాక పరుగులోనే ఆమెకు ఒక చేత్తో దండం పెట్టి దాటిపోయాడు. ఇప్పుడు రెండు చేతులూ జోడించి వాకిట్లో కూలబడ్డాడు.

లోపలి నుంచి మాట వినబడింది. "వొచ్చినావా? అట్ల రొప్పుతాండావేం? ముందు నీళ్లు తాగు."

తిప్పక్క లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాలి మడమకు కొంగు చింపి కట్టు కట్టి ఉంది. మొగుణ్ని అందుకోవాలని ఏనుగుసాల లోపలి అడ్డదారిన పోతుంటే రాళ్ల సందులో కాలు ఇరుక్కుని మడత పడిందట. అరిచిందట గాని, గాలి ఎదురుగాలి, ఎవరికీ వినబడలేదు.

"ఇంత దూరం ఎట్లొచ్చినావు?" అన్నాడు కరెన్న.

"ముసలామె ఒకామె తోడొచ్చింది. మన మందలో మనిషి గాదు. 'నేను నీ ఎనకాలే ఉండాను, నువ్వు నీ నడక నడువు' అనింది. నేను కూచుంటే కూచునింది, లేస్తే లేసింది. ఒక్క తూరి గూడ తొందర పెట్టలేదు. కట్టు గూడ ఆమే కట్టె."

"యాడుండాది ఆమె?"

"ఇప్పుడే ఆ పక్కకు పోయె. 'ఇంకా ఎవురన్నా వస్తాండారేమో సూసొస్తా' అనింది."

కరెన్న ఆ పక్కకు చూశాడు. ఇందాక నిక్షేపంగా ఉన్న వెనుక గోడ కూలి ఉంది. దుమ్ము ఇంకా అణగలేదు. విగ్రహం వాకిలికి వీపు పెట్టి, కూలిన గోడలోంచి తూర్పు దారిని చూస్తోంది. రాతిజడ కొసన, తిప్పక్క కట్టుకు చింపిన కొంగుపేలిక మిగులు చిక్కుకుని గాలికి ఆడుతోంది.

ఇద్దరూ సాగిలపడ్డారు. ఆ తర్వాత కరెన్న తన కట్టె భార్య చేతికిచ్చాడు. ఎత్తుకుంటానంటే ఆమె ఒప్పుకోలేదు. "నడుస్తాలే. నువ్వు ఎనక రా సాలు" అంది. ఆమె ముందు, అతడు వెనుక. ఆమె ఆగిన చోట ఆగాడు. జీవితంలో మొదటిసారి అతనికి నెమలికోట కొండ మీద మోదుగలు పూస్తాయని తెలిసింది.

పొద్దు కుంకే వేళకు అంచు చేరి చూస్తే, ఈరన్న మంద దిగనే లేదు! రెండు మందలూ కలిసిపోయి, గొర్రెలూ మేకలూ సమస్తం తూర్పుకు తలలు తిప్పి నిలబడి ఉన్నాయి. ఈరన్న తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటున్నాడు.

"ఏం మందు పెట్టినావురా నా జీవాలకు? కట్టె విరిగేదాకా కొట్టినా ఒక్కటి దిగితే ఒట్టు! అన్నీ నీ దోవే సూస్తాండాయి."

తిప్పక్క కుంటుకుంటూ అంచు చేరింది. వెంటనే రెండు మందలూ ఒక్కసారిగా తలలు మళ్లించి, ఏది ఎవరిదో తెలియకుండా కలిసి దిగి పాలవంక ఇసుక తొక్కాయి. ఎవరు ముందో ఎవరు వెనుకో చెప్పగలిగినవారు లేరు. ఆ యేడు ఒడ్డు పచ్చిక రెండు మందలూ పంచుకున్నాయి. ఒక్క జీవం కూడా చావలేదు. తిప్పక్కకు వంక ఒడ్డునే ఆడపిల్ల పుట్టింది.

మరుసటి ఏడు కరెన్న కృతజ్ఞత కొద్దీ గోడ కట్టించి, విగ్రహాన్ని వాకిలి వైపు తిప్పించాలని రాళ్లు చేరవేశాడు. మర్నాటి తెల్లవారుజామున అమ్మవారు కలలో కనబడి, "గోడ కడితే వచ్చేవాళ్లు నాకెట్ల కనబడతారు? ముఖం చూపించమని నన్నడగొద్దు. నేను ఎవరి కోసం చూస్తున్నానో వాళ్లను తీసుకురా. వాళ్లు వచ్చేదాకా నాకు ముద్ద పెట్టొద్దు" అని ఆనతిచ్చింది. ఆ రాళ్లు ఈనాటికీ గుడి పక్కన అలాగే ఉన్నాయి. గుడి నీడ పడుతుంది కనుక వాటి మీద కూర్చుంటే ఎండ తగలదు.

ఆనాటి నుంచి ఈ క్షేత్రంలో నడక తీరు మారింది. వృద్ధులు, గర్భిణులు, కాలి నొప్పి ఉన్నవారు ముందు నడుస్తారు. వారిని దాటి వెళ్లడం అపచారం. కరెన్న వంశంలోని గట్టివాడు ఒకడు అందరికన్నా వెనుక నడుస్తాడు. గుడి చేరాక కొర్రన్నం, పెరుగు, బెల్లం అమ్మవారి ఎదుట సిద్ధం చేస్తారు గాని నివేదన చేయరు. వెనుక నడిచేవాడు వచ్చి, వాకిలి వైపు కాకుండా కూలిన గోడ వైపు నిలబడతాడు. ఆ రాళ్లకుప్ప వైపు వేరెవరూ వెళ్లరు కనుక అమ్మవారి ముఖం ఎదురుగా చూసే భాగ్యం అతనిదే. అప్పుడు పూజారి "చూసి చెప్తాండావా?" అని అడుగుతాడు. అతడు మరొక్కసారి వెనుదిరిగి దారంతా చూసి, "ఎనక ఎవురూ లేరమ్మా" అంటాడు. అప్పుడే గంట మోగుతుంది. వెనుక ఎవరైనా ఉంటే ఆ మాట అనడు. పొద్దు గూకినా సరే అనడు. గంట మోగడం ఆలస్యమైందని ఇంతవరకు విసుక్కున్నవారు లేరు.

వెనుచూపులమ్మను సేవించినవారికి తప్పిపోయినవి దొరుకుతాయనీ, గర్భిణులకు సుఖప్రసవం అవుతుందనీ, దూరమైనవారు దగ్గరవుతారనీ భక్తుల విశ్వాసం. పగలంతా నడవాలంటున్నారే, మా మోకాళ్లు సహకరిస్తాయా అని చాలామంది సంకోచిస్తారు. సంకోచం అక్కరలేదు. మెల్లగా రండి. కూర్చోవాలనిపించిన చోట కూర్చోండి. మీరు వచ్చేదాకా ఆ కొండ మీద ఎవరూ ముద్ద ముట్టరు, అమ్మవారితో సహా.