మీట నొక్కిన తవిటయ్య తిరిగి రాకూడదు

చదివింది చదివినట్టే చేస్తామని గవర్రాజుకు మహా గొప్ప. "అక్షరం దాటం! అదిరా మన తెలివి!" అని తమ్ముళ్ళు పోలినాయుడు, తవిటయ్యల వీపులు చరిచేవాడు. అది నమ్మి, ఊళ్ళో నలభైమంది ఆడవాళ్ళు తాము పోసే పాలను చల్లబరిచే యంత్రాన్ని ఆ ముగ్గురి చేతుల్లో పెట్టారు. పెట్టినవాళ్ళను అనాలి!

ఆ యంత్రాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను సీ భాషలో రాసింది కాంతమ్మ పంతులమ్మ. ఒక్కో పని ముందు ఒక్కో గుర్తు పెట్టి, పక్కనే తెలుగులో అర్థం రాసుకుంది. ఆ గుర్తులన్నీ కంపైలర్ కోసం. అంటే, మనం రాసిన దాన్ని యంత్రానికి తెలిసేలా మార్చిపెట్టేదాని కోసం. ఆ ముక్క వీళ్ళ చెవికెక్కితేగా!

ఒకరోజు పొద్దున్నే యంత్రానికి ఏమైందో, చల్లబరుస్తూనే ఉంది. పాలు అంచుల్లో గడ్డకడుతున్నాయి. పూర్తిగా గడ్డకడితే వ్యాను వాడు తీసుకోడు. నలభై ఇళ్ళ కష్టం మురిక్కాలవ పాలే! కాంతమ్మ ఫోన్ చేసింది.

"ఆపే మీట నొక్కండ్రా, నేనొస్తున్నా!"

"చదవకుండా నొక్కుతామా?" అంటూ గవర్రాజు ప్రోగ్రామ్ కాగితాలు తీశాడు. "ఒరే, చలి కొలిచే పని ముందు 'ఫలితం చూసితీరాలి' అని ఉంది."

అంతే, ముగ్గురూ కొలత అంకె ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని రెప్పవెయ్యకుండా చూశారు.

"అన్నా, సగం తొట్టె గడ్డకట్టింది!"

"చూస్తున్నాం కదరా, ఇంకేం చెయ్యాలి?"

పేజీ తిప్పాడు. 'మూత' అన్న పేరు ముందు 'దీన్ని వాడకపోయినా ఫరవాలేదు' అని ఉంది. అంతే, పోలినాయుడు తొట్టె మూత ఊడబెరికి గోడవతలికి విసిరాడు. ఇంకేముంది, ఈగలు బంధుబలగంతో వచ్చేశాయి. గవర్రాజు ఒక చేత్తో ఈగల్ని తోలుతూ రెండో చేత్తో చివరి కాగితం ఎత్తాడు.

"ఒరే... ఆపే పని ముందు 'ఇందులోకి వెళితే తిరిగి రావడం ఉండదు' అని రాసుందిరా!"

"నాకు పెళ్ళై ఆర్నెల్లేగా అన్నా!" అన్నాడు తవిటయ్య.

"అందుకే నువ్వెళ్ళు. ఆ పిల్ల నీకింకా అలవాటు పడలేదు."

తవిటయ్య చెప్పులు విప్పి పోలినాయుడి చేతికిచ్చి, కళ్ళు తుడుచుకుంటూ మీట గదిలోకి వెళ్ళి నొక్కాడు. యంత్రం ఆగింది. బతికే ఉన్నానని సంబరంగా బయటికొచ్చాడు.

"రాకు!" అని గవర్రాజు గావుకేక పెట్టాడు. "రాసినదానికి ఎదురు నడుస్తావా?" వాణ్ణి లోపలికి తోసి గడియ పెట్టాడు.

ఈలోగా కాంతమ్మ వచ్చింది. ముందు మూత వెతికించి కడిగి పెట్టించింది. గడ్డ కరిగించి, పాలు వ్యానుకెక్కించింది. అప్పుడు, గడియ సంగతి విని అందుకుంది.

"ఆపాక ప్రోగ్రామ్ వెనక్కి రాదని నేను కంపైలర్‌కు ఇచ్చుకున్న మాటరా అది! ఆ గుర్తు అర్థంకాని కంపైలర్ ఎదురైతే, అక్కడ అది లేనట్టే దాటిపోయేలా కూడా రాశాను. మీకేం పట్టింది? వాణ్ణి ఇంటికి పంపండి!"

గడియ తీశారు. తవిటయ్య గుమ్మం దాటలేదు.

"నేను తిరిగి రాను. మన వంశం మాట తప్పదు."

గవర్రాజు బుర్ర గోక్కున్నాడు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది. అన్నలిద్దరూ తమ్ముణ్ణి ఎత్తి పెద్ద పాలక్యానులో కూర్చోబెట్టి, కావడికర్రకు తగిలించి ఇంటికి మోశారు.

"బావగారూ, ఆయన తిరిగొచ్చేశారా!" అని తవిటయ్య పెళ్ళాం ఎదురొచ్చింది.

"నోరు జారకమ్మా!" అని గవర్రాజు కసిరాడు. "వాడు తిరిగి రాలేదు. మేం తెచ్చాం."