ఫొటోలో చేరిన వస్తువు

ఆదివారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు సింగవరం రాజావారు పెసరట్టు తింటున్నారు. ఆయనకు రాజ్యం లేదు. కోట, ఆదివారం కొలువు మాత్రం మిగిలాయి. చెయ్యి కడుక్కుని కొలువుకు రాగానే ఒక పందెం ప్రకటించారు.

పట్నం నుంచి వచ్చిన గ్రాఫిక్స్ నిపుణుడు శశిభూషణ్, కోటలోని పాత దర్బారు ఫొటోలో కంప్యూటర్ మీద తయారుచేసిన వస్తువొకటి చేర్చాడు. అదేమిటో కాగితం మీద రాసి, మడిచి రాజావారికిచ్చాడు. బొమ్మల గది చూసుకునే కనకలింగం దాన్ని పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే గది శశిభూషణ్‌ది. పాతికేళ్లుగా కనకలింగానికి ఆ గదే ఉద్యోగం.

ఫొటోలో రాజావారి తాతగారు ఒక పండితుడికి తాంబూలం ఇస్తున్నారు. చుట్టూ దీపపు స్తంభం, పన్నీరుబుడ్డి, వెండి కూజా, పీటలు. కనకలింగం భూతద్దంతో నీడలు చూశాడు. అన్నీ ఒకే వైపు పడ్డాయి. వెండి మీద కిటికీ వెలుగు కూడా ఉండాల్సిన చోటే ఉంది. తప్పేమీ కనబడలేదని ఒప్పుకున్నాడు.

“ఒక్క నీడకే మూడు రోజులు కూర్చున్నాను లింగంగారూ. మీ కళ్లద్దాలకు ఎక్కడ అందుతుంది?” అన్నాడు శశిభూషణ్.

కొలువు నవ్వింది. కనకలింగం భూతద్దం పక్కన పెట్టి, కూజా మీద ఏం రాసి ఉందని అడిగాడు.

“సింగవరం సంస్థానం అని. చదవడం రాదా?”

“వచ్చు బాబూ. మరి పెద్ద రాజావారు తాంబూలం ఏ చేత్తో ఇస్తున్నారు?”

అందరూ మెడలు చాచి చూశారు. ఎడమచేత్తో. ఎడమభుజం మీద ఉండాల్సిన పండితుడి ఉత్తరీయం చూస్తే కుడిభుజం మీద ఉంది.

రాజావారి ముఖం ఎర్రబడింది. తమ వంశంలో ఎడమచేత్తో తాంబూలం ఇచ్చినవాడు లేడన్నారు. కనకలింగం చేతులు కట్టుకున్నాడు.

“నిజమే ప్రభూ. ఈ ఫొటో అద్దంలో బొమ్మలా తిరగబడింది. అందులో దొరలూ పండితులూ అంతా ఎడమచేతివాటం అయిపోయారు. కూజా మీది అక్షరాలొక్కటే తిన్నగా ఉన్నాయి.”

రాజావారు కాగితం విప్పారు. ‘కూజా’ అని ఉంది. మొదట నవ్వింది ఆయనే. చివరికి శశిభూషణ్‌కూ నవ్వక తప్పలేదు. గది కనకలింగానికే ఉండిపోయింది. పైగా రాజావారు తాంబూలం తెప్పించి, కుడిచెయ్యి అందరికీ కనబడేలా చాచి అతనికిచ్చారు.

గురువారం నాడు పాత పెట్టెలో ఆ ఫొటో నెగెటివ్ కవరు దొరికింది. ఫొటో కడిగినవాడి పేరు దాని మీద రాసి ఉంది. నెగెటివ్‌ను తిరగేసి పెట్టి ఆ ఫొటో కడిగింది కనకలింగమే.