అందరికీ ఒకటే ముల్లు

రేగుపొదల అడవిలో నడిస్తే చాలు, కాలికి ముల్లు దిగుతుంది. అందుకని అక్కడి జంతువులు ముళ్ళపంది రాల్చిన ముల్లొకదాన్ని నీటిగుంట గట్టున గుచ్చి పెట్టుకున్నాయి. ఎవరి కాల్లో ముల్లు దిగినా దాంతోనే తీసుకుని, మళ్ళీ అక్కడే గుచ్చేసేవి.

ఒక ఏడు జింకకి చిక్కిపోయే జబ్బు పట్టింది. వైద్యం తెలిసిన తాబేలు తాత చూసి, ఇది నెత్తుటి జబ్బన్నాడు. ఒకరి నెత్తురంటిన ముల్లు ఇంకొకరికి గుచ్చుకుంటే వస్తుందే గానీ కలిసి నీళ్ళు తాగితే రాదనీ, కొండవాలున ఉన్న చేదాకు రోజూ మానకుండా తింటే అందరిలాగే బతకొచ్చనీ చెప్పాడు.

ఇన్ని మాటల్లో నక్కకి జబ్బన్న మాటొక్కటే వినబడింది. జింక పడుకునే మద్దిచెట్టు నీడ మీద దానికి ఎప్పట్నుంచో కన్ను. అందరినీ పోగేసి, చేదాకు తినేవాళ్ళ మూతి ఈ గుంటలో పడితే మన పిల్లాపాపలు ఏమైపోవాలని గుండెలు బాదుకుంది. ఆ ఆకు తింటూ కనబడ్డవాళ్ళని వాగు అవతలికి తోలెయ్యాలని కట్టుబాటు చేయించింది. తలలన్నీ ఊగాయి. జింక వాగు దాటి వెళ్ళిపోయింది. గట్టు మీది ముల్లుని పారేద్దామన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు. మర్నాడు నక్క కూడా కాల్లో ముల్లు దాంతోనే తీసుకుంది.

ఎండలు ముదిరేసరికి మద్ది నీడలో పడుకున్న నక్క డొక్కలు లోపలికి పోయాయి. దానికి భయమేసింది. ఏ జబ్బో తెలుసు, ఏం తినాలో కూడా తెలుసు. మిట్టమధ్యాహ్నం ఎవరూ తిరగని వేళ చూసుకుని కొండవాలుకి పోయింది. ఆకు మీద నోరు పెట్టబోతే పొద అవతల అడవిపంది.

"ఏం బావా, ఇటొచ్చావ్?" అంది పంది.

"ఎలక ఒకటి ఇటే దూరింది. నువ్వో?"

"దుంపల కోసం."

ఎలకా లేదు, దుంపలూ లేవు. ఒకదాని డొక్కలు ఒకటి చూసి, చూడనట్టే రెండూ కొండ దిగిపోయాయి. వానలు పడకముందే పంది పోయింది. దిష్టి తగిలిందని చెప్పుకున్నారు.

నక్కకి లేచే ఓపిక కూడా పోయింది. ఆకు తెచ్చిపెట్టమని ఎవర్నయినా అడగాలంటే సిగ్గు. పంది పోయిందనీ నక్క లేవట్లేదనీ విని జింకే వాగు దాటి వచ్చింది, నోట అవతలి గట్టున మొలిచిన చేదాకు రెబ్బతో. రోజూ అదే తింటున్న దాని ఒళ్ళు నిగనిగలాడుతోంది.

"ఇప్పుడైనా తిను అన్నా," అంది.

నక్కకి ఏడుపొచ్చింది. అయినా నాలుగు వైపులా చూసింది. "ఎవరన్నా చూస్తారేమో జింకమ్మా. చీకటి పడనీ."

"చూసేదెవరన్నా? దారంతా చూసుకుంటూ వచ్చా. సగంమంది నీలాగే పొదల్లో ముడుచుకుని ఉన్నారు, ఎవరన్నా చూస్తారేమోనని."

నక్క ఆ రెబ్బని ఒంటికింద దాచుకుంది. చీకటి పడింది గానీ, అప్పటికి నక్క లేదు.

రోగిని వెలివేస్తే ఊరు విడిచిపోయేది రోగం కాదు, మందు.