శవం వేషానికి కూలి

కోటలో నాటకం ఆడించడానికి దివాను సోమరాజు ఖర్చు అంచనా వేస్తున్నాడు. గొంతు పోయిన ముసలి నటుడు పోలయ్య పేరు రాగానే కలం ఆగిపోయింది.

"ఇతనేం చేస్తాడు?"

"శవంలా పడుకుంటాడు దొరా. పెళ్లాం మీద పడి ఏడుస్తుంది," అన్నాడు మేళం పెద్ద సరభయ్య.

"పడుకోవడానికి కూలా? ఆ పని నేనైనా ఊరికే చేస్తాను!"

"మహాభాగ్యం దొరా. ఒక్కసారి పడుకోండి. మీరు కదలకపోతే పోలయ్య కూలి కొట్టేయండి."

దివాను నవ్వుతూ పడుకున్నాడు. ఆ పెళ్లాం వేషం కట్టే మంగమ్మ, నిజంగానూ పోలయ్య భార్యే, పక్కన కూలబడి ఏడుపు అందుకుంది.

"నువ్వు తినందే ఏనాడైనా తిన్నానా మావా? ఇవాళ నీ కంచంలో ఎవరికి పెట్టను?"

దివాను గడ్డం వణికింది. ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చాడు.

సరభయ్య అతన్ని లేపి కూర్చోబెట్టాడు. "మీరు విన్నది పరాయి మనిషి ఏడుపు దొరా. పోలయ్య ఆట ఆటకీ సొంత పెళ్లాం ఏడుపు వింటాడు. రెప్ప కూడా కదపడు."

దివాను కళ్లు తుడుచుకుని, అందరికంటే పైన పోలయ్య పేరు రాశాడు.

పోలయ్య అది చూడనే లేదు. కండువా కొసతో మంగమ్మ కళ్లు తుడుస్తున్నాడు.